కారు ఏసీలో గ్యాసు అయిపోదు, లీకవుతుంది

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో కారు జాగ్రత్తల గురించి ఈమధ్య మీ పత్రికలో వేసిన వ్యాసంలో ‘ఏసీ గ్యాసు ఏటా నింపించుకోవాలి’ అని ఉంది. ఆ ఒక్క వాక్యం గురించే ఈ ఉత్తరం. నేను పిడుగురాళ్లలో సొంత కారు బాడుగకు తిప్పుకునేవాణ్ని. 19 ఏళ్లుగా ఇదే పని. ఆ మాటే నమ్మి రెండు వేసవులు డబ్బు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచండి, నా కారెక్కినవాళ్లు పడిన బాధ నన్ను ఇంకా వదల్లేదు.

నా బాడుగల్లో సగం ఆస్పత్రి బాడుగలే. ఒక పెద్దావిడను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు గుంటూరు తీసుకెళ్లి తీసుకొస్తాను. పోయిన మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం తిరిగి వస్తుంటే సత్తెనపల్లి దగ్గర లారీల వెనక ఇరుక్కుపోయాం. బండి పరిగెత్తినంతసేపు కాస్త చల్లగా ఉన్న ఏసీ, ఆగగానే వేడిగాలి కొట్టడం మొదలుపెట్టింది. రెంటచింతల పక్కన బతికేవాళ్లం, ఎండ మాకు కొత్తకాదు. కానీ ఆవిడ దాహం వేసినా ఇష్టమొచ్చినన్ని నీళ్లు తాగకూడదు, డాక్టరు కొలిచి చెప్పిన నీళ్లే తాగాలి. వాళ్లబ్బాయి తువ్వాలు తడిపి మొహం తుడుస్తూ ‘అన్నా, ఏసీ కొంచెం పెంచవా’ అని అడిగాడు. అప్పటికే పూర్తిగా పెట్టి ఉంది. ఆవిడ మాత్రం ‘పోనీలే నాయనా, ఎక్కడైనా చెట్టు కింద ఆపు’ అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పటికి రెండేళ్లలో మూడుసార్లు గ్యాసు కొట్టించాను. వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట, ‘గ్యాసు అయిపోయింది’. రెండున్నర వేలు తీసుకుని పది నిమిషాల్లో పంపేవారు. ఇరవై రోజులు చల్లగా ఉండేది, తర్వాత మామూలే. చివరిసారి వెళ్తే, గ్యాసును నొక్కి పైపుల్లో తిప్పే కంప్రెసర్ పోయింది, 18 వేలవుతుందన్నారు. అప్పు కోసం తిరుగుతుంటే తోటి డ్రైవరు ఒకాయన గుంటూరు ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రీ దగ్గరకు పంపాడు.

ఆయన నన్ను అడిగిన మొదటి మాట, ‘ఇంట్లో ఫ్రిజ్‌కి ఏటా గ్యాసు పోయిస్తావా అబ్బాయ్?’ అని. అసలు విషయమంతా అందులోనే ఉంది. ఏసీలో గ్యాసు డీజిలు లాగా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. కారులో రబ్బరు పైపులుంటాయి, అదురు ఉంటుంది కాబట్టి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోతే పోవచ్చు. ఇరవై రోజుల్లో తగ్గిందంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. అది మూయకుండా గ్యాసు పోయడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఆయన ముందు ఉన్న గ్యాసు తీసేసి, పైపుల్లోకి నైట్రోజన్ ఎక్కించాడు. ఒక్కో జాయింటు మీదా సబ్బునురగ రాస్తూ వచ్చాడు. పైపులు బాగున్నాయి, బండి ముందుభాగంలో ఉండి గ్యాసు వేడిని బయటికి వదిలే కండెన్సర్‌లోనూ లీకు లేదు. ఆఖరికి గ్యాసు ఎక్కించే చోట ఉండే వాల్వు దగ్గర చిన్న చిన్న బుడగలు వచ్చాయి. లోపలి పిన్ను అరిగిపోయింది. దాని మీద ఉండాల్సిన మూత కూడా లేదు, ఎవరు తీసి ఎక్కడ పడేశారో. ఆ పిన్ను ఖరీదు 60 రూపాయలు.

పిన్ను మార్చాక అరగంట పైగా వాక్యూమ్ పెట్టాడు, అంటే మిషనుతో పైపుల్లోని గాలంతా లాగేశాడు. పైపుల్లో గాలి, తేమ ఉంటే కొత్త గ్యాసు పోసినా సరిగా పనిచేయదట. నాకు ముందు మూడుసార్లు గ్యాసు కొట్టినవాళ్లెవరూ ఈ పని చేయలేదు. తర్వాత బానెట్ కింద ఉన్న స్టిక్కరు చూపించాడు. నా కారుకు 450 గ్రాములని రాసి ఉంది. అన్నేళ్లు బండి నడిపి నేనెప్పుడూ అది చదవలేదు. కాటా మీద సిలిండరు పెట్టి సరిగ్గా అంతే ఎక్కించాడు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందట.

అక్కడితో పని అయిపోయిందనుకున్నాను. ఆయన అనుకోలేదు. ఇంజను ఆన్‌లో పెట్టి, బండి నిలబెట్టే గేజీ చూస్తూ కూర్చున్నాడు. గ్యాసు ఒత్తిడి చూపే ముల్లు మెల్లగా ఉండాల్సినదానికన్నా పైకి ఎక్కుతోంది. ఒక బకెట్టు నీళ్లు తెచ్చి ముందు గ్రిల్లులోంచి కండెన్సర్ మీద పోశాడు. ముల్లు దిగిపోయింది. గ్యాసు వేడి బయటికి పోవడం లేదని ఆ బకెట్టు నీళ్లతో తేలిపోయింది. బంపర్ విప్పి కడిగితే కండెన్సర్ రెక్కల సందుల్లోంచి తెల్లటి సున్నపునీళ్లు కారాయి. మా ఊరి సున్నపుబట్టీల దుమ్ము! బండి కదిలేటప్పుడు ఎదురుగాలి ఆదుకునేది, ఆగితే ఫ్యాను ఒక్కటే లాగలేకపోయేది. సత్తెనపల్లిలో జరిగింది అదీ. 18 వేల కంప్రెసర్‌కు ఏ జబ్బూ లేదు. ఇప్పటికీ అదే నడుస్తోంది.

పోయిన గ్యాసు ఎక్కడికి పోతుందో కూడా చెప్పాలి. ఇప్పటికీ మన రోడ్ల మీది చాలా కార్లలో ఆర్-134ఏ గ్యాసే ఉంది. 100 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా 1,300 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుందని డిగ్రీ కెమిస్ట్రీ చదివే మా అమ్మాయి చెప్పింది. ఇలాంటి గ్యాసులు తగ్గించడానికి 2016లో రువాండాలోని కిగాలీలో ప్రపంచ దేశాల మధ్య ఒప్పందం కుదిరింది, మన దేశం 2021లో ఒప్పుకుంది. నా ఒక్క కారు నుంచే మూడు ఫిల్లింగుల గ్యాసు పల్నాడు గాలిలో కలిసింది. తెలిసి చేసింది కాదు, అయినా నాకు బాధగానే ఉంది.

గ్యారేజీలవాళ్లు బిల్లు మీద ‘ఏసీ గ్యాస్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా, లీకు ఎక్కడ దొరికిందో, వాక్యూమ్ ఎంతసేపు పెట్టారో, ఎన్ని గ్రాములు ఎక్కించారో రాయాలి. రవాణా శాఖ దీన్ని తప్పనిసరి చేస్తే మాలాంటివాళ్లకు ఎంతో మేలు. బండి యజమానులు కూడా గ్యాసు అనేముందు, కారు లోపలికొచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు తీసి చూడండి, చాలా కార్లలో డ్యాష్‌బోర్డు పెట్టె వెనకే ఉంటుంది. ఏసీ వేసి బానెట్ ఎత్తి, కండెన్సర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూడండి. దీనికి పైసా ఖర్చు లేదు.

మీ పత్రిక మా స్టాండులో పదిమంది డ్రైవర్లం చదువుతాం. మీరు రాసింది చూసి ఈ వారంలోనే ఇద్దరు గ్యాసు కొట్టించడానికి బయల్దేరితే నేనే ఆపాను. దయచేసి ‘ఏటా నింపించుకోవాలి’ అన్నచోట ‘చల్లదనం తగ్గితే ముందు లీకు వెతికించుకోవాలి’ అని సవరణ వేయండి.

ఇట్లు,
ఒక కారు డ్రైవరు,
పిడుగురాళ్ల, పల్నాడు జిల్లా