ఆశ్రయమిచ్చిన ఇంటికి బియ్యం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మయన్మార్ యుద్ధం నుంచి పారిపోయి మిజోరం చేరినవాళ్ల గురించి మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. శిబిరాల గురించి వివరంగానే రాశారు. కానీ వచ్చినవాళ్లందరూ శిబిరాల్లో లేరు. ఎంతోమంది చుట్టాల ఇళ్లలో, ఊరివాళ్ల ఇళ్లలో తలదాచుకుంటున్నారు. ఆ ఇళ్లు ఎలా నడుస్తున్నాయో ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం.

2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం అధికారం లాక్కున్నాక చిన్ రాష్ట్రం జనం సరిహద్దులోని టియావు నది దాటి మిజోరంలోని చంఫాయ్ వైపు రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు 30 వేలు దాటారు. 2023లో మణిపుర్ గొడవల్లో ఇళ్లు వదిలినవాళ్లు కూడా వేలల్లో మిజోరానికే చేరారు. 2011 లెక్కల్లో మిజోరం జనాభా సుమారు 11 లక్షలు. మా గంజాం జిల్లా జనాభాలో మూడో వంతు కూడా లేదు. అయినా యంగ్ మిజో అసోసియేషన్ వాళ్లు, చర్చిలవాళ్లు ఇంటింటికీ తిరిగి సాయం పోగుచేశారు. సర్కారు బడులు ఆ పిల్లలను చేర్చుకున్నాయి.

బర్మా (ఇప్పటి మయన్మార్) యుద్ధం మా బరంపురం తెలుగువాళ్లకు పరాయి సంగతి కాదు. గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగం (రంగూన్) వెళ్లి, రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ కూలి చేసిన కుటుంబాలు మా చుట్టుపక్కల ఎన్నో. 1941 డిసెంబరులో జపాను వాళ్లు రంగం మీద బాంబులు వేశారు. ఓడలో చోటు దొరకనివాళ్లు లక్షల మంది అడవులు, కొండలు పట్టి నడిచి వచ్చారు. దారిలో కలరాకు, ఆకలికి వేలాదిమంది పోయారు.

అలా నడిచొచ్చిన ఒక కుటుంబం మా అత్తగారి పుట్టింట్లో ఏడాదికి పైగా ఉంది. అప్పటికి ఆవిడ పద్నాలుగేళ్ల పిల్ల. బర్మా బియ్యం రాక ఆగిపోయి ధర మండిపోతున్న రోజులవి. ఇంటి మగపిల్లలు వీధి అరుగు మీదికి, ఆడపిల్లలు ధాన్యం కొట్లోకి పడక మార్చుకున్నారట. వచ్చినావిడ రోజూ ఆకలి లేదని చెప్పి అందరి తర్వాత తినేది, ఒక్కోసారి తినేదే కాదు. మా అత్తగారి అమ్మగారు వెండి కడియాలు కుదువపెట్టారు, అవి మళ్లీ ఇంటికి రాలేదు. మొదటి పదిహేను రోజులు ఊరంతా వచ్చి పలకరించింది, తర్వాత ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. పక్కింటి ఒడియా ఆవిడ మాత్రం చివరిదాకా పెరటి గుమ్మం దగ్గర చేటెడు బియ్యం పెట్టి వెళ్లేది. చుట్టాలకు తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని పెరటివైపు నుంచే వచ్చేది. ఆ బియ్యమే లేకపోతే వాళ్లను పంపేయాల్సి వచ్చేదని మా అత్తగారు ఎన్నిసార్లు చెప్పారో.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. చుట్టం ఇంట్లో నిలవాలంటే ఆ ఇల్లు నిలవాలి.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో చేరలేదు, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. శరణార్థి హోదా ఇచ్చే అధికారం రాష్ట్రాలకు లేదని కేంద్రం 2021 మార్చిలోనే లేఖ రాసింది. సరే, హోదా సంగతి తేలేసరికి ఎన్నేళ్లయినా పట్టనివ్వండి. ఆశ్రయమిచ్చినావిడ మాత్రం భారత పౌరురాలే కదా! ఆవిడ రేషన్ కార్డు మీద నెలకు ఇంత అని అదనంగా బియ్యం ఇవ్వడానికి ఏ హోదా అడ్డొస్తుంది? ముందు మనవాళ్లను చూడండి అనేవాళ్లకు కూడా నా జవాబు ఇదే. ఆ ఇంటివాళ్లు మనవాళ్లే.

ఇది ఎక్కడా జరగనిది కాదు. 2022లో ఉక్రెయిన్ వాళ్లను ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు పోలండ్ ప్రభుత్వం మనిషికి రోజుకు 40 జ్లోటీల చొప్పున ఇచ్చింది. బ్రిటన్ ఇంటికి నెలకు 350 పౌండ్లు ఇచ్చింది. పోలండ్ మాత్రం కొన్ని నెలలకే చాలామందికి ఆపేసింది, యుద్ధం ఆగలేదు. సాయానికి గడువు పెట్టేవాళ్లు ఇది ఆలోచించాలి. మా పక్క గజపతి జిల్లా చంద్రగిరిలో టిబెట్ నుంచి వచ్చినవాళ్లు 1963 నుంచి ఉంటున్నారు. అక్కడ వాళ్లకు ప్రభుత్వం భూమి చూపించింది కాబట్టి మొక్కజొన్న వేసుకుని బతికారు.

మా వీధిలో రంగం నుంచి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఉన్నారు. చందా పోగుచేయడానికి కొందరం సిద్ధంగా ఉన్నాం. శిబిరాలకు కాకుండా, ఆశ్రయమిచ్చిన ఇళ్లకే చేరాలంటే ఎవరి ద్వారా పంపాలో తెలియక ఆగాం. మీ విలేకరులు కనుక్కుని అచ్చువేయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా