శనివారం గ్రోస్‌గ్లాక్నర్ ట్రిప్: పిల్లలతో ఎక్కడెక్కడ ఆగుదాం

అందరికీ నమస్కారమండీ. మ్యూనిక్ నుంచి నాలుగు కార్లలో బయల్దేరుతున్నాం కదా, చిన్నపిల్లలున్నవాళ్లు ఇది కాస్త చదవండి.

ఆస్ట్రియాలోని ఆ గ్రోస్‌గ్లాక్నర్ ఘాట్ రోడ్డు 48 కిలోమీటర్లే, కానీ 36 హెయిర్‌పిన్ మలుపులు. పోయినసారి మా చిన్నది ఏడో మలుపులోనే తిన్న ఇడ్లీ అంతా సీటు మీద కక్కేసింది. పొద్దున్నే పాలు పట్టకండి. కవర్లు చేతికందేలా ఉంచుకోండి.

ఎక్కకముందే, ఫెర్లైటెన్ టోల్ గేటు దగ్గర జంతువుల పార్కు ఉంది. అక్కడ గంటసేపు పరిగెత్తనిస్తే పైన కుదురుగా కూర్చుంటారు. తర్వాత ఫుషర్ లాకె అనే చిన్న చెరువు. నా ఓటు దీనికే! నీళ్లలోకి రాళ్లు విసురుకుంటూ పిల్లలు కదలమన్నా కదలరు. ఎడెల్‌వైస్ శిఖరం 2571 మీటర్లు, దారి ఇరుకు, గాలి ఎక్కువ. పసిపిల్లలుంటే వదిలేద్దాం.

చివర్న కైజర్ ఫ్రాంజ్ జోసెఫ్ వ్యూపాయింట్. ఎదురుగా పాస్టర్జె హిమానీనదం, రాళ్ల మధ్య మార్మోట్లు. ఉడత జాతే గానీ పిల్లి అంత లావుంటాయి, ఈల వేస్తాయి. చిప్స్ మాత్రం పెట్టనివ్వకండి.

ఆస్ట్రియా విన్యెట్ (హైవేల టోల్ స్టిక్కర్) ఉన్నా ఈ రోడ్డుకి టోల్ వేరే. 14 ఏళ్లలోపు, 135 సెంటీమీటర్లకంటే పొట్టి పిల్లలకి చైల్డ్ సీటు తప్పనిసరి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచకుండా రెండో గేరులో రండి.

పులిహోర నేను తెస్తా. పెరుగన్నం ఎవరిది?