కబుర్లు చెప్పే పోల్కా

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. పిల్లాడి జ్వరం తగ్గిందని చదివాక మనసు కుదుటపడింది. ఇక్కడ మేమంతా బాగున్నాం.

వారం రోజులుగా నా చెవిలో ఒకటే మోగుతోందిరా. వియన్నా సంగీతకారుడు యోహాన్ స్ట్రౌస్ కట్టిన 'ట్రిచ్ ట్రాచ్ పోల్కా'. పోల్కా అంటే తొడుక్కునేది కాదురా, ఒకరకం డాన్స్ సంగీతం. స్ట్రౌస్ అంటే తండ్రి కాదు, అదే పేరున్న కొడుకు. మూడు నిమిషాలు కూడా ఉండదు, మాట ఒక్కటీ ఉండదు. అయినా మొదటినుంచి చివరిదాకా కబుర్లే! జర్మన్‌లో ట్రాచ్ అంటే ఊసుపోని కబుర్లు. మనకి గుసగుస, లొడలొడ ఎలాగో వాళ్ళకి ట్రిచ్ ట్రాచ్ అలాగ. పేరు పలికితేనే నాలుక గంతులేస్తుంది. అదే పేరుతో 1833లో నెస్ట్రాయ్ రాసిన హాస్య నాటకం వియన్నా జనానికి అప్పటికే తెలుసు.

రాత్రి దీపం ఆర్పేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నా. చిన్న ఎత్తుగడ కాగానే వయొలిన్లు అందుకుంటాయి. గబగబా, చిట్టిచిట్టి స్వరాలు, దేనికది తెంపి వాయిస్తారు. సాగదీయడం అన్నదే లేదు. ఇద్దరు అమ్మలక్కలు గోడ పక్కన తల వంచుకుని చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. పైన పికలో కిచకిచలాడుతుంది. అది పిల్లనగ్రోవికి చిట్టి చెల్లెలు, గొంతు మాత్రం అందరికంటే పైన. అలా చెవిలో చెప్పుకుంటూ చెప్పుకుంటూ ఉండగా ఒక్కసారి డప్పులూ ఇత్తడి వాద్యాలూ ఢామ్మని మీద పడతాయి. 'హవ్వ, నిజమా!' అన్నట్టు! వెంటనే మళ్ళీ గుసగుస. ఈ నెమ్మదీ గట్టీ ఆటలోనే దాని ప్రాణమంతా ఉందిరా. మొత్తం ఒకే జోరుగా వాయించేస్తే కబుర్లు పోయి గోల మిగులుతుంది. అలా వాయించిన రికార్డింగ్ కూడా ఒకటి విన్నా, నచ్చలేదు.

కింద తాళానికి మాత్రం రెండే దెబ్బలు, ఒక్క క్షణం తడబడవు. నేను స్టీలు గ్లాసు మీద వేలితో కొట్టుకుంటూ పోయా. పోల్కా పుట్టింది 1830ల్లో బొహీమియాలో, డాన్స్ కోసం. తర్వాత యూరప్ అంతా ఊగిపోయింది. ఇందులోనూ రకాలున్నాయి. నింపాదిగా నడిచేది ఫ్రెంచ్ పోల్కా, పరుగెత్తేది ష్నెల్ పోల్కా. మనది రెండోది.

స్ట్రౌస్ దాన్ని కట్టేనాటికి రష్యాలో పావ్లోవ్స్క్ రైల్వే స్టేషన్ దగ్గరి హాల్లో వేసవి కచేరీలు ముగించుకుని ఊరు చేరాడు. ప్రయాణికుల్ని రప్పించడానికి రైల్వే కంపెనీయే ఆయన్ని పిలిపించుకునేదట, ఎంత మంచి ఆలోచనో చూడు! 1858 నవంబర్ 24న వియన్నాలో మొదటిసారి వాయించారు. అప్పటికి ఆయన వయసు 33. ఆ రోజుల్లో ఆయన చేతిలో వయొలిన్‌తో నిలబడే ఆర్కెస్ట్రాని నడిపేవాడు. ఆ విల్లు ఎగిరిపడుతుంటే జనం కాళ్ళు ఊరుకున్నాయంటే నేను నమ్మను.

నువ్వు కూడా విను, ఫోన్ స్పీకర్లో వద్దు. పికలో ఎక్కడ వినిపించిందో, ఆ ఢామ్‌కి పిల్లాడు ఏం చేశాడో నాకు రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
మామ