ఒరేయ్ రవీ, ముందు ఆ ఫోన్ పక్కన పెట్టు

ఒరేయ్ రవీ,

నీ ఉత్తరం అందింది. మన పార్టీ నాయకుడి మీద నెట్‌లో నాలుగు ముక్కలు రాసినందుకు మనవాళ్లే నిన్ను ద్రోహి అన్నారని, రెండు రాత్రులు నిద్ర పట్టలేదని రాశావు. అవతలి పార్టీవాడు తిడితే నీకు దులిపేసుకోవడం అలవాటే. సొంతవాళ్లు తిట్టేసరికి గిలగిల్లాడిపోయావు.

నీకు చెప్పలేదు గానీ, నాకూ అయిందిరా ఇది. పోయినేడాది ఒక రాత్రి ఏదో రాసి పడుకున్నాను. దిండు పక్కన ఫోన్ ఒకటే వణుకుడు. తీసి చూస్తే ఒకడు మా అమ్మని కూడా వదల్లేదు. ఎవడా అని వాడి ఫొటో నొక్కాను. చంకలో బోసినవ్వుల పసిపిల్ల, వాడూ నవ్వుతున్నాడు. ఎదురుపడితే "బాగున్నారా అండీ" అనే రకంలాగే ఉన్నాడు. చాలాసేపు ఆ ఫొటోనే చూస్తూ కూర్చున్నాను. తర్వాత నేను చేసిందీ గొప్పగా ఏం లేదులే. వాడికి దీటుగా జవాబు టైప్ చేసి, పంపబోతూ ఒకసారి చదివాను. ఎవడిది ఏదో నాకే తెలియలేదు. చెరిపేశాను. ధర్మరాజునై కాదు, తిట్టులో ఒత్తు తప్పు పడిందని సిగ్గేసి.

పేరు దాచుకునే వీలుండబట్టే ఈ బూతులన్నీ అంటారు కదా. దక్షిణ కొరియా 2007లో పెద్ద సైట్లలో అసలు మనిషినని రుజువు చేసుకున్నాకే రాయాలని రూలు పెట్టింది. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. తప్పుడు రాతలు చెప్పుకోదగ్గంత తగ్గిందేమీ లేదని కూడా అంది. పసిపిల్లని ఎత్తుకున్న ఆ మనిషి నన్ను సొంత ఫొటోతో సహా తిట్టాడు మరి!

నువ్వు అడిగిన అసలు సంగతి వేరే. నెట్‌లో రాసే ఈ రాతగాళ్లంటే పార్టీకి అంత భయమెందుకని. వాళ్లని పూర్తిగా తీసిపారెయ్యకు. 2002 డిసెంబర్‌లో అమెరికా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ నూరో పుట్టినరోజు చేశారు. నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ వేరుగా ఉంచాలంటూ 1948లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన మనిషాయన. అప్పుడే ఆయన గెలిచుంటే ఇన్ని తంటాలు ఉండేవి కావన్నట్టు మాట్లాడాడు సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు ట్రెంట్ లాట్. పెద్ద పత్రికలు మొదట్లో అంతగా పట్టించుకోలేదు. నెట్‌లో సొంతంగా రాసుకునే జాష్ మార్షల్ లాంటి బ్లాగర్లు మాత్రం పట్టు వదల్లేదు. రెండు వారాలు తిరిగేసరికి లాట్ నాయకత్వం వదులుకున్నాడు. అది మంచి పనే అంటాను.

కానీ నాలుగేళ్ల తర్వాత అదే అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో జరిగింది చూడు. అక్కడి సెనేటర్ జో లీబర్‌మన్ 2000లో డెమొక్రాట్ల పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి. ఇరాక్ యుద్ధాన్ని సమర్థించాడని సొంత పార్టీ బ్లాగర్లు ఆయన మీద విరుచుకుపడ్డారు. నెడ్ లామాంట్ అనే వ్యాపారవేత్తని నెత్తికెత్తుకున్నారు. 2006 ఆగస్టులో సెనేట్ అభ్యర్థిని ఎంచుకునే పార్టీ లోపలి ఎన్నికలో లామాంట్ సుమారు 52 శాతంతో గెలిచాడు. ఇంకేముంది, పండగ! లీబర్‌మన్ ఊరుకోకుండా స్వతంత్రుడిగా నిలబడ్డాడు. నవంబర్‌లో అదే లామాంట్‌ని దాదాపు 10 శాతం తేడాతో ఓడించాడు.

కిటుకంతా లెక్కలో ఉందిరా. ఆగస్టులో ఓటేసింది 3 లక్షల లోపే. నవంబర్‌లో 11 లక్షలు దాటారు. ఆ మొదటి గుంపులో బ్లాగులు చదివేవాళ్లు, చందాలిచ్చేవాళ్లు, ఇల్లిల్లూ తిరిగేవాళ్లు ఉంటారు. ఎన్నికలో గెలుపు సంగతి తర్వాత, ముందు టికెట్ వీళ్ల చేతుల్లో ఉంటుంది. అందుకే నాయకుడు జనాన్ని మరిచిపోయి వీళ్ల మొహాలు చూస్తుంటాడు. తిట్లు కూడా అవతలివాణ్ణి మార్చడానికి కాదు. మనవాడు ఇంకొకడు నీలాగా నోరు తెరవకుండా ఉండటానికి. నిన్ను చూసి ఎంతమంది రాద్దామనుకున్నది మింగేశారో!

అన్నట్టు, నీ రాతలో రెండో పేరా నాకూ నచ్చలేదు. "అమ్ముడుపోయాడు" అన్నావు. రుజువుందా? ఉంటే పంపు, చదువుతాను. లేకపోతే ఆ ఒక్క మాట తీసెయ్, మిగతాది అలాగే ఉంచు.

వదినని అడిగానని చెప్పు. జవాబు ఉత్తరంలోనే రాయి, ఫోన్‌లో వద్దు.

నీ
శ్రీను