ధర తర్వాత, ముందు జాబితా

సంపాదకులు గారికి,

ఆటగాడి బొమ్మ ఉన్న పాత బేస్‌బాల్ కార్డు ఒకటి కోట్లకు అమ్ముడుపోయిందన్న వార్త మీ పత్రికలో వచ్చినప్పటి నుంచి కర్నూలులో క్రికెట్ కార్డులున్న పిల్లలూ, బీడీకట్టల లేబుళ్లు, అగ్గిపెట్టె బొమ్మలు దాచుకున్న పెద్దలూ ఒకటే అడుగుతున్నారు: "మా దగ్గరున్నవి ఎంత పలుకుతాయి?" టాప్స్ కంపెనీ 1952లో వేసిన, మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 100 కోట్ల రూపాయలు పలికిన మాట నిజమే. కానీ ఏ కార్డు ఏ వరుస (సెట్టు)లోది, ఆ వరుసలో మొత్తం ఎన్ని అన్నది అంతకు చాలా ముందే కొందరు కూర్చుని రాసిపెట్టారు. వార్తలో రానిది ఆ పని. అది జరగకపోతే ఏది అరుదో, ఏది గంపల కొద్దీ దొరుకుతుందో చెప్పే దారే లేదు.

1880ల్లో అమెరికాలో సిగరెట్ పెట్టె నలగకుండా లోపల పెట్టిన అట్టముక్కల మీదే ఈ ఆటగాళ్ల బొమ్మలు వచ్చాయి. 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డుల మీద వరుస సంఖ్య లేదు, సెట్టు పేరూ లేదు. ముందు బొమ్మ, వెనక సిగరెట్ ప్రకటన, అంతే. ఒకే ఆటగాడి బొమ్మకు వెనక రకరకాల బ్రాండ్లు. ఆ సెట్టుకు టి206 అని పేరు పెట్టింది కంపెనీ కాదు, సిరక్యూస్ ఊరివాడైన జెఫర్సన్ బర్డిక్. కీళ్లవాతంతో చేతులు సరిగా ఆడని మనిషి. 1937లో సేకర్తల కోసం చిన్న బులెటిన్ మొదలుపెట్టి, 1939లో కేటలాగ్ వేశాడు. అందులో రకానికో అక్షరం: ఎన్ అంటే 19వ శతాబ్దపు పొగాకు కార్డు, టి అంటే 20వ శతాబ్దపుది, ఇ అంటే తొలినాటి మిఠాయి కార్డు, ఆర్ అంటే 1930 తర్వాతి బబుల్‌గమ్ కార్డు. బేస్‌బాలే కాదు, పక్షులు, జెండాలు, నటీమణులు అన్నీ అందులోకి ఎక్కాయి. ఆ కేటలాగ్ 1960 ముద్రణలో, హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి టి206 కార్డుకు రాసిన ధర 50 డాలర్లు. ఇప్పుడది లక్షల డాలర్ల సరుకు.

సంఖ్య ఉంటే ఏమవుతుందో గౌడీ గమ్ కంపెనీ 1933 సెట్టు చూపించింది. వెనక 1 నుంచి 240 దాకా అంకెలు వేసి, 106 మాత్రం ముద్రించలేదు. లేని కార్డు కోసం పిల్లలు గమ్ కొంటూనే పోయారు. ఫిర్యాదు రాసినవాళ్లకు 1934లో నాప్ లజోయ్ అనే ఆటగాడి బొమ్మతో ఆ 106ను ఉత్తరానికి క్లిప్పు పెట్టి పంపారు. ఆ క్లిప్పు నొక్కు కొన్ని కార్డుల మీద నేటికీ ఉంది. గుండుసూది, క్లిప్పు, స్టేప్లర్ వద్దనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మన బీడీ లేబుళ్లు సరిగ్గా టి206 స్థితిలోనే ఉన్నాయి: సంవత్సరం ఉండదు, ఎన్ని రకాలో తెలియదు. అయినా కాలం కట్టడానికి ఆధారాలు లేకపోలేదు. ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది. కడప పేరు ఇంగ్లిష్‌లో పాత స్పెల్లింగుతో ఉంటే చాలావరకు 2005కు ముందుది. ఆరోగ్యానికి హానికరమని బొమ్మతో చెప్పే హెచ్చరిక లేని బీడీ లేబులు సాధారణంగా 2009 మే 31కి ముందుది. అగ్గిపెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలైంది 2021 డిసెంబరు 1న. బేస్‌బాల్ కార్డుకైతే వెనకున్న లెక్కల్లో చివరి సీజన్ చూసి దానికి ఒక ఏడాది కలుపుకుంటే చాలు.

జాబితా రాయడానికి రెండు నోటు పుస్తకాలు చాలు, ఒకటి ఉన్నవాటికి, ఒకటి కావలసినవాటికి. రకానికో అక్షరం, కంపెనీకో వంద సంఖ్యలు కేటాయించండి. వరసగా 1, 2, 3 అని వేసుకుంటూ పోతే కొత్తది దొరికినప్పుడు మధ్యలో ఇరికించడానికి చోటుండదు. ప్రతి వరుసలో ముందు బొమ్మ, వెనక అచ్చు, తయారీ ఊరు, ధర, మిల్లీమీటర్లలో కొలత, మూలలూ మడతలూ ఎలా ఉన్నాయో రాయాలి. కొలత ఎందుకంటారా? 1957 నుంచి టాప్స్ కార్డు 63.5 × 89 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు తగ్గితే అరిగిన మూలలు దాచడానికి ఎవరో అంచు కత్తిరించి ఉండొచ్చు. టి206 నకలు పట్టాలంటే పది రెట్ల భూతద్దం కింద పేరు అచ్చు చూడండి. అసలులో సిరా నిండుగా ఉంటుంది, నకలులో చాలాసార్లు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

బర్డిక్ చేసినదంతా అనుసరించనక్కర్లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చిన 3 లక్షలకు పైగా ముక్కలను ఆయన ఆల్బమ్‌లలో జిగురుతో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని ముగించి, మార్చిలో కన్నుమూశాడు. ఆయన ఓపికకు దండం పెట్టాల్సిందే, జిగురుకు మాత్రం కాదు, అంటిస్తే వెనకవైపు పోయినట్టే. కాగితపు ఫొటో కార్నర్లు వాడండి. కవర్లు కొనేటప్పుడు త్రికోణంలో 5 అంకె ఉన్న పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ చూసుకోండి. కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే పీవీసీ ప్లాస్టిక్ మన ఎండలకు మెత్తబడి సిరాను పట్టేస్తుంది. రబ్బరు బ్యాండు ఏప్రిల్, మే నెలల్లో కరిగి అంచుకు అతుక్కుంటుంది. లామినేషన్ చేయిస్తే ఇక వెనక్కి రాదు. అటక మీది ట్రంకు పెట్టె వద్దు, నడింట్లో గోడకు నాలుగంగుళాల ఎడంగా ఉన్న ఇనుప బీరువా మేలు, చెదలు గోడ పట్టుకునే వస్తాయి కాబట్టి.

కింది అర కూడా వద్దు. 2009 అక్టోబరు వరద మన ఊళ్లో ఎంత కాగితాన్ని మింగిందో చెప్పనక్కర్లేదు. తడిసి అతుక్కున్నవాటిని లాగితే బొమ్మ ఊడొస్తుంది. సిరా కరగని రకమైతే పళ్లెంలో మంచినీళ్లు పోసి, నీళ్లలో ఉండగానే విడదీసి, తెల్లకాగితం మీద నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టి, తడిసిన కాగితం మారుస్తుండాలి. ఎండలో పెడితే వంకర్లు పోతాయి. రెండు రోజులు దాటితే బూజు పడుతుంది, అంత తీరిక లేకపోతే కవరులో పెట్టి ఫ్రిజ్ ఫ్రీజర్‌లో ఉంచి తర్వాత చూసుకోవచ్చు.

కార్డుల ధరల పుస్తకాలు అమెరికాలో ఆలస్యంగానే వచ్చాయి: బెకెట్ అనే ఆయన తొలి ధరల గైడు 1979లో, నెలవారీ పత్రిక 1984లో. ఆ తర్వాత అందరూ దాచడం, కంపెనీలు ఎడాపెడా అచ్చేయడం. 1980ల చివరి కార్డులు చాలావాటికి ఇప్పటికీ విలువ లేదు.

కాబట్టి మనవి ఒక్కటే. జిల్లా పేజీలో పదిహేను రోజులకోసారి రెండంగుళాల చోటు "ఉన్నాయి – కావాలి" అని ఇవ్వండి. ఒక్కొక్కరికి ముప్ఫై మాటలు, ఊరి పేరుతో. ఫోను నంబరు అచ్చు వేయకుండా, జవాబులు మీ కార్యాలయం ద్వారా చేరేట్టు చూడండి. ధర రాసిన ప్రకటన వేయకండి, ముక్కకు ముక్క మార్పిడే. ముందు రెండు వైపులా ఫొటో, ఆ తర్వాత రెండు అట్టల మధ్య పెట్టి స్పీడ్ పోస్టు. అచ్చైన ప్రతి జాబితా ఒక ఫైలులో ఉంచితే, కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం బీడీ లేబుళ్ల తొలి కేటలాగ్ అందులోంచే తయారవుతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు