మందిరం చెరువు బాగు కోసం సంఘ కమిటీ విజ్ఞప్తి

ప్రభువునందు ప్రియమైన సంఘస్తులకు, ఊరి పెద్దలకు, ఉద్యోగాలకని హైదరాబాదు, గల్ఫ్, అమెరికా వెళ్లిన మన పిల్లలకు కమిటీ వందనాలు.

దివిసీమలో మంచినీళ్ల చెరువు విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు. బోరు వేస్తే ఉప్పునీళ్లే. 1977 నవంబరు 19 ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. మిగిలినవాళ్లు తాగడానికి గుక్కెడు నీళ్లు లేక పడ్డ అవస్థ మన పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అలాంటి చోట మన మందిరం వెనక చెరువు ఇప్పుడెలా ఉందో ఒకసారి వెళ్లి చూడండి. నీళ్లు మోకాలి లోతు, వాటి మీద గుర్రపుడెక్క. తూర్పు గట్టు కోసుకుపోయింది. ఒడ్డున తేలే ప్లాస్టిక్ గ్లాసుల్లో సగం మన క్రిస్మస్ ప్రేమవిందువే, ఒప్పుకోక తప్పదు.

దీన్ని పూడ్చేసి ఫంక్షన్ హాలు కడితే అద్దెలొస్తాయని కమిటీలో ఒక పెద్దాయన అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. "భూమిని లోపరచుకొనుడి, ఏలుడి అని ఆదికాండము 1:28లోనే ఉంది కదా" అని వాక్యం కూడా చూపించారు. దాంతో పాస్టరుగారు నాలుగు ఆదివారాలు ఇదే విషయం మీద ప్రసంగించారు.

ఆ ఏలుబడి ఎలా ఉండాలో మరుసటి అధ్యాయంలోనే ఉంది. 2:15లో దేవుడు నరుణ్ణి తోటలో పెట్టింది దాన్ని సేద్యపరచడానికి, కాయడానికి. ఇక్కడ "కాచుట"కు హెబ్రీలో ఉన్న మాట షమార్. ప్రతి ఆదివారం చివర్లో తలలు వంచుకుని "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక" అన్న దీవెన అందుకుంటాం చూడండి, సంఖ్యాకాండము 6:24, అందులో ఉన్నదీ ఆ మాటే. దేవుడు మనల్ని ఎలా కాపాడాలని కోరుకుంటామో, ఈ చెరువును మనం అలా కాయాలన్నమాట. ఇక "ఏలుడి" అన్నచోట ఉన్న క్రియే యెహెజ్కేలు 34:4లో మళ్లీ వస్తుంది. అక్కడ మందను బలాత్కారంగా ఏలిన కాపరులను దేవుడు గద్దిస్తాడు. మంచినీళ్లు తాగి మిగిలినవాటిని కాళ్లతో కలకబెట్టేవాళ్ల ప్రస్తావన కూడా ఆ అధ్యాయంలోనే ఉంది. ఆ ఆదివారం మందిరంలో చాలామంది నేల చూపులు చూశారు.

ఒక్క వచనం పట్టుకుని వాదించడం మన ఊరితోనే మొదలవలేదు. అమెరికాలో ఓక్లహోమా సెనేటరు జేమ్స్ ఇన్‌హోఫ్ 2012లో ఒక రేడియో కార్యక్రమంలో ఆదికాండము 8:22 ఎత్తి చూపారు. భూమి ఉన్నంతకాలం వెదకాలం, కోతకాలం ఉండక మానవని దేవుడన్నాడు కాబట్టి వాతావరణాన్ని మనుషులు మార్చేస్తారనుకోవడం అహంకారమని ఆయన వాదన. 2015 ఫిబ్రవరిలో, ఇంత చలి ఉంటే భూమి వేడెక్కుతోందంటారేమిటని ఏకంగా మంచు ముద్ద తీసుకొచ్చి సెనేట్‌లో విసిరారు. అదే ఏడాది జూన్‌లో పర్యావరణ సంరక్షణ మీద పోప్ ఫ్రాన్సిస్ రాసిన 'లౌదాతో సీ' లేఖ విడుదలైంది. 1:28ని ప్రకృతిని దోచుకోవడానికి లైసెన్సుగా చదవడం సరికాదని, దాన్ని 2:15తో కలిపి చదవాలని అందులో రాశారు. మనం క్యాథలిక్కులం కాకపోయినా ఈ విషయంలో ఆయన మాట మనకు నచ్చింది. కోతకాలం ఆగదన్నది దేవుని వాగ్దానమే. కానీ కోతకొచ్చిన చేను తుఫానుకు నీట మునిగితే ఎలా ఉంటుందో సెనేటరుగారికంటే మనకే బాగా తెలుసు.

మన దగ్గరా ఎన్నికలొచ్చాయంటే ప్రసంగ పీఠం ఎక్కి వాక్యం చెప్పే నాయకులకు కొదవ లేదు. ఒకాయన ఈ పని ఖర్చంతా తానే పెట్టుకుంటానన్నారు. అయితే గట్టు మీద శిలాఫలకం వేయాలట, దాని మీద ఒక వచనం, దాని కింద వచనంకంటే పెద్ద అక్షరాల్లో తన పేరు. వద్దని మర్యాదగా చెప్పి పంపించాం. రొయ్యల చెరువులున్న మన సంఘస్తుల చందా తీసుకోవాలా వద్దా అని రెండు సాయంత్రాలు వాదించుకున్నాం. తీసుకుంటున్నాం. వాళ్లూ మనవాళ్లే. చెరువుల నీళ్లు మందిరం పక్క కాలువలోకి వదలకూడదని మాత్రం అడిగాం, ఒప్పుకున్నారు.

చేయాల్సిన పని: పూడిక తీయడం, తూర్పు గట్టు కట్టి రాతి రివిట్‌మెంటు వేయడం, మందిరం కప్పు మీద పడే వానను పైపులతో చెరువులోకి మళ్లించడం, గట్టు చుట్టూ కంచె వేసి తాటి, వేప మొక్కలు పెట్టడం. అంచనా 6 లక్షల 40 వేలు. కోత పండుగ వేలంలో 1 లక్షా 85 వేలు వచ్చాయి. గుమ్మడికాయ ఒక్కటే 4 వేలు పలికింది. పాడినాయనకు మరోసారి వందనాలు. స్త్రీల సమాజం పిడికెడు బియ్యం డబ్బుల్లోంచి 22 వేలు ఇచ్చింది. మిగతా 4 లక్షల 33 వేలు మీరందరూ కలిసి సమకూర్చాలి.

జూన్ వానలు మొదలయ్యేలోపు పూడిక తీయకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. అందుకే ఏప్రిల్ నెలాఖరులోగా ఇవ్వమని కోరుతున్నాం. నగదు గానీ చెక్కు గానీ కోశాధికారి చేతికే ఇచ్చి రసీదు తీసుకోండి. డబ్బు లేనివాళ్లు రెండు రోజుల పనైనా, ట్రాక్టరు ట్రిప్పులైనా ఇవ్వవచ్చు, వాటికీ రసీదు రాస్తాం. జమా ఖర్చులు ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరాధన తర్వాత చదివి వినిపిస్తాం. పైన చెప్పిన పెద్దాయన మొదటి రసీదు తీసుకున్నారు, 5 వేలు.

మీ ప్రార్థనలు కోరుతూ,
సంఘ కమిటీ