ఇంట్లో కుట్టిన సీరియల్స్‌కి బీరువాలో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ వారపత్రికల్లో తనకు నచ్చిన సీరియల్ పేజీలు చించి, దబ్బనంతో కుట్టి, మైదా జిగురుతో పాత క్యాలెండర్ అట్టలు అంటించి బైండు చేసేది. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో ఆడవాళ్లు చేసిన పనే. ఆమె పోయాక వాటిని దగ్గర్లోని ఒక గ్రంథాలయానికి ఇద్దామని తీసుకెళ్లాను. "ప్రచురణకర్త లేడు, ధర లేదు, రిజిస్టర్‌లో ఏమని రాసుకోవాలమ్మా? ఈ నవలలు బయట దొరుకుతున్నాయి కదా" అన్నారు.

బయట దొరికే నవలలో బాపు బొమ్మలుండవు. పేజీ తిప్పితే మాలతీ చందూర్ గారి ప్రశ్న-జవాబుల శీర్షిక 'ప్రమదావనం' ముక్కా ఉండదు. అన్నిటికీ మించి, అమ్మ అన్నీ దాచలేదు. ఒక డిటెక్టివ్ సీరియల్‌ని సగంలో ఆపేసి, అంచున "సాగదీస్తున్నాడు, ఇక చాలు" అని రాసింది. (హంతకుడెవరో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ కోపం అలాగే ఉంది.) ఇంకో బైండులో రెండు నవలలున్నాయి: ఒకదాంట్లో కోడలు ఇల్లు వదిలి వెళ్తుంది, రెండోదాంట్లో తిరిగొస్తుంది. అవి వచ్చింది ఒకేసారి కాదు, మధ్యలో రెండేళ్లు తేడా. కావాలనే కలిపి కుట్టిందని నా నమ్మకం.

బ్రౌన్ దొర వేమన తాళపత్రాలు సేకరించి, 693 పద్యాలు ఏరి 1829లో అచ్చు వేయించాడు. 1839 కూర్పులో అవి 1164 అయ్యాయి. పద్యాలు వేమనవే అయినా, ఏరినందుకు బ్రౌన్‌ని ఇప్పటికీ తలుచుకుంటాం. తలుచుకోవాలి కూడా. కుట్టిన ఆడవాళ్ల ఎంపికని మాత్రం తూకానికి వేస్తున్నాం.

స్కాన్ చేసి నెట్‌లో పెడితే సరిపోదా అంటాడు మా అబ్బాయి. పాత పత్రికలు మొత్తం స్కాన్ చెయ్యండి, మంచిదే. కానీ చదివినావిడ ఏది ఉంచుకుందో, ఏది పొట్లాలు కట్టుకోమని కొట్టువాడికి ఇచ్చేసిందో అందులో కనపడదు.

జిల్లా గ్రంథాలయ సంస్థలు వీటికోసం ఒక్క బీరువా కేటాయించాలి. ఎవరు కుట్టారు, ఏ ఊరు, ఏ పత్రిక, ఏ సంవత్సరాలు అని లోపలి అట్ట మీద చీటీ అంటిస్తే చాలు. ధర కాలమ్‌లో గీత గీసుకోవచ్చు. మావి ఇవ్వడానికి ఇప్పటికీ సిద్ధంగానే ఉన్నాను, కాకపోతే రెండిటికి చెదలు పట్టాయి, త్వరగా అడిగితే మేలు.

– ఒక పాఠకురాలు, తెనాలి